ఆరో ఫారంలో మంగాయమ్మ

రామకోటేశ్వరరావుకు పొడుగు పేజీ అంటే భయం. పుస్తకం పేజీకి పైన ఒక అంచు, కింద ఒక అంచు ఉంటాయి. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో చూడగానే తెలుస్తుంది. వెబ్‌పేజీకి ఆ మర్యాద లేదు. కిందికి లాగుతున్నకొద్దీ వస్తూనే ఉంటుంది. దాని కోడులో పైన తెరిచిన ట్యాగు నాలుగొందల లైన్ల కింద ఎక్కడో మూసుకుంటుంది. యాభై నాలుగేళ్ల వయసులో ఆ పనిలోకి దిగిన మనిషి దాన్ని వెతుక్కుంటూ పోయి, బయలుదేరిన చోటికి మళ్లీ రాలేక తికమకపడటం రోజూ జరిగేదే.

అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు ఆయన ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటరు. పంచాంగాలు, బడిపిల్లల గైడ్లు, వ్రతకథలు, సంస్మరణ సంచికలు, ఆయన కొట్టనిది లేదు. పదహారు పేజీలు కలిస్తే ఒక ఫారం. ఫారం ప్రూఫు తీసి, రాతప్రతితో మాటమాటా పోల్చి, అంచున టిక్కు పెట్టి, అడుగున 'ప్రింటార్డరు' అని సంతకం చేస్తే తప్ప మిషను మీదికి వెళ్లేది కాదు. ఆయన సంతకం పెట్టిన ఫారంలో తప్పు దొరికిందని ఎవరూ అనలేదు. "కోటేశ్వర్రావు చూశాడా? అయితే తిప్పేయండి" అనేవాళ్లు మిషను దగ్గర. ఈ సంగతి ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడంటే, భార్య సుబ్బరత్నం పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడగాల్సి వస్తే "ప్రింటార్డరు ఇస్తారా?" అని అడిగేది. ఆయనకు అందులో ఎగతాళి వినిపించేది కాదు. రుచి చూసి, గంభీరంగా తల ఊపేవాడు.

ప్రెస్సు మూతపడింది. యజమాని మేనల్లుడు సిద్ధార్థ భవానీపురంలో రెండో అంతస్తులో రెండు గదులు తీసుకుని వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు పెట్టాడు. "మీరు తెలుగు తప్పుల్లేకుండా కొడతారు బాబాయిగారూ, మిగతాది అదే వస్తుంది" అని పిలిచి కుర్చీ ఇచ్చాడు. మిగతాది దానంతట అది రాలేదు. నేర్పింది మార్త.

మార్త ఆయన పక్క బల్ల. ఇబ్రహీంపట్నం నుంచి రోజూ వచ్చి పోతుంది. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఈయన తెర మీద వేలు ఆనించి లైన్లు లెక్కపెట్టుకోవడం మూడు వారాలు చూసి, ఇక ఊరుకోలేక కుర్చీ జరుపుకుని వచ్చింది.

"ఇట్టా లాక్కుంటూ పోతే సాయంత్రానికి వేలు అరిగిపోద్దండీ. ఈ ముక్క ఎక్కడ మొదలైందో అక్కడ పైన మనకి మాత్రమే కనబడే కామెంటు ఒకటి రాయండి. ఎక్కడ అయిపోయిందో అక్కడ ఇంకోటి. ఇప్పుడు పక్కన చిన్న బాణం వచ్చింది, చూశారా? దాన్ని నొక్కండి."

నొక్కాడు. నూటపది లైన్లు చప్పుడు చేయకుండా ఒక్క లైను అయిపోయాయి.

"పోయిందా?" అన్నాడు కంగారుగా.

"ఎక్కడికీ పోలేదండీ, లోపలే ఉంది. మళ్లీ నొక్కితే వస్తుంది. సైటు చూసేవాళ్లకి ఏ తేడా తెలీదు. మన కళ్ల ముందు మాత్రం మడతపడుద్ది, అంతే."

ఆయన ఆ బాణాన్ని పదిసార్లు నొక్కాడు. తెరిచాడు, మూశాడు, తెరిచాడు, మూశాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆయన చేతిలో ఉన్న పేజీలన్నీ ఫారాలుగా విడిపోయాయి. పైన కామెంటులో 'ఫారం ఒకటి: తలకట్టు' అని రాశాడు. 'ఫారం రెండు: పరిచయం', 'ఫారం మూడు: ఫొటోలు', అలా. అన్నీ మూసేస్తే ఎంత పొడుగు పేజీ అయినా తొమ్మిది పది లైన్లకు మించదు. ముఖపత్రం వెనక విషయసూచిక చూసుకున్నట్టు చూసుకుని మురిసిపోయాడు. సిద్ధార్థను పిలిచి చూపించాడు. టీ తెచ్చేవాడికీ చూపించాడు. వాడికేం అర్థమైందో గాని, బాగుందన్నాడు.

మనిషికి కొత్తగా ఒక సుఖం దొరికితే దానికో జబ్బు కూడా పుడుతుంది. అన్నీ మూసి ఉంటే తప్ప ఆయనకు పని మొదలుపెట్టబుద్ధి అయ్యేది కాదు. విప్పి ఉన్న ముక్క కనబడితే విస్తరి తీయకుండా వదిలేసినట్టుండేది. మూసి ఉన్న పది పేర్లు వరసలో కనిపిస్తే చాలు, అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపించేది. ప్రెస్సులో ఉన్నప్పుడు కనిపించిన దాన్ని కూడా నమ్మని మనిషి, ఇక్కడ కనిపించని దాన్ని నమ్మడం మొదలుపెట్టాడు. ఆ తేడా ఆయనకు తట్టలేదు.

బందరు అవతల సముద్రం ఒడ్డున కొత్తపల్లెపాలెం అని ఒక ఊరు. అక్కడి మత్స్యకారుల సంఘం సైటు ఈ ఆఫీసే చూసేది. సంఘం అధ్యక్షుడు సూరయ్య. ఆ ఏడు కొత్త సభ్యుల జాబితా సైటులో పెట్టి, శుక్రవారం దాకా అభ్యంతరాలు తీసుకుని, తర్వాత ఖాయం చేద్దామనుకున్నారు. జాబితాలో పేరుంటే సంఘంలో ఓటు, మాట. లేకపోతే ఆ రెండూ లేవు. రెండొందల పన్నెండు పేర్లు ముందే వచ్చాయి. వాటిని ఆయన ఏడో ఫారంలో పెట్టాడు. పాత సభ్యుల జాబితా ఆరో ఫారంలో ఉంది. కొత్తది పూర్తికాగానే దాన్ని తీసేయాలి.

శనివారం సూరయ్య మరో పద్నాలుగు పేర్లు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపాడు. దాదాపు అందరూ భర్త పోయాక ఆయన స్థానంలో చేరుతున్న ఆడవాళ్లు. మార్త టైపు చేసి మెయిల్ పెట్టింది. ఈయన వాటిని కాపీ చేసుకునేసరికి ఇంటి నుంచి ఫోను, గ్యాసు బండ వచ్చింది, డబ్బులెక్కడ పెట్టారని. మాట్లాడుతూ మాట్లాడుతూ, అప్పుడు విప్పి ఉన్న ఆరో ఫారంలో, పాత జాబితా అడుగున ఆ పద్నాలుగు పేర్లూ అతికించాడు. ఏడో ఫారంలోకి తర్వాత జరుపుదాంలే అనుకున్నాడు. బాణం నొక్కాడు. ఫారం మూసుకుంది.

"పెట్టేశారా అండీ?" అంది మార్త సంచీ సర్దుకుంటూ.

"పెట్టేశాను" అన్నాడు. ఆ క్షణానికి అది అబద్ధం కూడా కాదు.

సోమవారం వచ్చి కూర్చున్నాడు. 'ఫారం ఆరు: పాత జాబితా' అని ఒక్క లైను. దాన్ని ఎంచుకుని డిలీట్ నొక్కాడు. లోపలున్నదంతా ఆ లైనుతోపాటే వెళ్లిపోయింది. పాత జాబితా పోయింది, పద్నాలుగు పేర్లూ పోయాయి. మిగతా ఫారాల పేర్లు వరసగా ముచ్చటగా ఉన్నాయి. విప్పి చూడలేదు, ప్రూఫు తీయలేదు. పేజీ సైటుకు ఎక్కించి టీ తాగాడు.

మంగళవారం పదకొండున్నరకు ఆఫీసు ఫోను మోగింది. సిద్ధార్థ ఊళ్లో లేడు. ఈయన ఎత్తాడు.

"నేనండీ, పల్లెపాలెం సూరయ్యని. జాబితాలో కొల్లాటి మంగాయమ్మ పేరు ఉందో లేదో కాస్త చూసి చెప్పండి."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

ఏడో ఫారం విప్పాడు. చివరి నంబరు రెండొందల పన్నెండు. ఆ తర్వాత ఏమీ లేదు. మిగతా పద్నాలుగూ ఏమయ్యాయో ఆలోచిస్తే శనివారం గుర్తొచ్చింది. గ్యాసు బండ గుర్తొచ్చింది. ఆరో ఫారం కోసం చూశాడు. ఐదు తర్వాత ఏడు ఉంది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

చేతులు మాత్రం ఆగలేదు. మార్త పంపిన మెయిల్ తెరిచాడు, పేర్లు తీసుకున్నాడు, రెండొందల పన్నెండు కింద అతికించాడు, సేవ్ చేశాడు, సైటుకు ఎక్కించాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య అలాగే ఉంది. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

"ఉందండీ సూరయ్యగారూ. రెండొందల పంతొమ్మిదో నంబరు. పేజీ ఇంకోసారి తెరిచి చూడండి."

"ఆఁ, ఉంది ఉంది." అవతల నిట్టూర్పు వినిపించింది. "మొదట్నుంచీ ఉందా అండీ?"

"మొదట్నుంచీ ఉందండీ."

ఆ మాట అనడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తర్వాత రోజుల్లో ఆయన్ను అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది అదే. ఆలోచించి ఆడిన అబద్ధమైతే దానికి ఏదో కారణం చెప్పుకోవచ్చు. ఇది అలా కాదు, నోట్లో ముందే తయారుగా ఉన్నట్టు ఊడిపడింది.

"బతికించారు" అన్నాడు సూరయ్య. "మంగాయమ్మంటే మా మరదలేనండీ, పోయిన తమ్ముడి భార్య. తన పేరు నేనే కొట్టేయించానని పొద్దున చేపల వేలంపాట దగ్గర పదిమందిలో నన్ను నానా మాటలూ అంది. తమ్ముడు పోయాక కొంపలో నుంచే గాక సంఘంలో నుంచి కూడా గెంటేశానంది. ఇప్పుడు చూపిస్తాను అందరికీ."

ఫోను పెట్టేశాడు. ఈయన రిసీవరు కింద పెట్టాడు. పక్క బల్ల దగ్గర మార్త టైపు చేస్తూనే ఉంది. గడువు శుక్రవారం కదా, పేర్లు మంగళవారమే ఎక్కాయి కదా, ఎవరికీ ఏ నష్టమూ లేదు కదా అని మూడు 'కదా'లు చెప్పుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాడు. మిగతా పదమూడు మందీ సంఘం మాట నమ్మి ఊరుకున్నవాళ్లు, ఎవరూ ఫోను తెరిచి చూసుకున్నట్టు లేదు. చూసుకుంది ఒక్క మంగాయమ్మే.

తొమ్మిది రోజుల తర్వాత ఆమె వచ్చింది.

యాభైకి దగ్గరపడిన మనిషి. మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, రుమాలులో చుట్టిన ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మార్త కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చింది.

"పల్లెపాలెం పేర్లు ఎక్కించేది ఎవరమ్మా?"

మార్త తల తిప్పింది. రామకోటేశ్వరరావు వైపు చూసింది.

"నేనేనమ్మా" అన్నాడు ఆయన.

"నేను మంగాయమ్మనండి బాబుగారూ. రెండొందల పంతొమ్మిది." ఆ నంబరు తన ఇంటిపేరైనట్టు చెప్పింది. "నేనేమీ తగాదాకి రాలేదు. ఒక్క మాట అడిగిపోదామని వచ్చా. సోమవారం సాయంత్రం నేను ఫోన్లో చూసుకున్నా. ఏడో తరగతి దాకా చదివినదాన్ని. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి మూడుసార్లు చూశా. నా పేరు లేదు. ఒళ్లు మండిపోయింది. తెల్లారి పాట దగ్గరికి పోయి బావగారిని అనరాని మాటలన్నా. ఆ మర్నాడు ఆయన ఫోను తెచ్చి అందరికీ చూపించారు. ఉంది. మీ ఆఫీసుకి ఫోను చేస్తే మొదట్నుంచీ ఉందన్నారంట. ఇంకేం చేస్తాను? అందరి ముందూ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి, తప్పయిపోయిందన్నా."

రామకోటేశ్వరరావు బల్ల మీది పెన్ను సర్దాడు. సర్దిన పెన్నును మళ్లీ సర్దాడు.

"అక్కడితో పోతే పోయేది. పన్నెండేళ్లుగా సంఘం కాటా దగ్గర నేనే కూర్చుంటా బాబుగారూ. తూకం చదివి పైకి చెప్తా. పడవోళ్లూ కొనేవోళ్లూ ఎన్నిటికైనా కొట్టుకుంటారు గాని, నేను చెప్పిన తూకానికి ఎదురు చెప్పరు. ఇప్పుడు బావగారు, కళ్లు చూపించుకునేదాకా వద్దులే మంగా అన్నారు. కోపంతో కాదు, మంచిగానే అన్నారు. సరే, బందరు పోయి చూపించుకున్నా. కళ్లు నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు." ఇక్కడ ఆమె ఫోను మీది రుమాలు విప్పింది. "కళ్లు బాగుంటే మరి నేను అబద్ధమాడినట్టేగా? కావాలని ఆయన్ని రచ్చకీడ్చానంటున్నారు. నా కూతురు కూడా, ఎందుకమ్మా అట్టా చేశావు అని అడుగుతోంది. అందుకని వచ్చా. మీకైతే తెలుస్తుందిగా. ఆ సోమవారం నా పేరు ఉందా, లేదా?"

లేదమ్మా అనే మూడక్షరాలు ఆయన నోటిదాకా వచ్చాయి. వాటి వెనకాలే సిద్ధార్థ వచ్చాడు, మూతపడిన ప్రెస్సు వచ్చింది, "కోటేశ్వర్రావు చూశాడా? అయితే తిప్పేయండి" అన్న మాట వచ్చింది. అవన్నీ కలిసి ఆ మూడక్షరాలనూ వెనక్కి నెట్టేశాయి.

"ఉందమ్మా" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఒక పాపమే. ఇంకో మెట్టు దిగాడు. "మీ ఫోను పాతది కదా. ఒక్కోసారి పాత పేజీనే చూపిస్తూ ఉంటుంది. మీ తప్పూ లేదు, సంఘం తప్పూ లేదు. ఫోను తప్పు."

మంగాయమ్మ ముఖం విప్పారింది. అంత తొందరగా విప్పారుతుందని ఆయన అనుకోలేదు.

"అంతేనా! నేను అనుకుంటానే ఉన్నా, నా కళ్లు నన్ను మోసం చేయవని. ఆ ముక్క ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యండి బాబుగారూ. తీసికెళ్లి బావగారికి చూపిస్తా."

కాగితం తీశాడు. పైన తేదీ వేశాడు. ఫలానా రోజున ఫలానా పేరు సైటులో ఉన్నదనీ, ఫోనులో పాత పేజీ కనిపించి ఉండవచ్చుననీ గుండ్రటి అక్షరాలతో మూడు లైన్లు రాశాడు. అడుగున సంతకానికి జాగా వదిలాడు. పెన్ను అక్కడ పెట్టాడు. చెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి ఇరవై ఎనిమిదేళ్లు సరిచూసిన కాగితం అడుగున తప్ప సంతకం పెట్టలేదు. నోటికి లేని సిగ్గు చేతికి వచ్చింది.

"ఓనరుగారు లేరమ్మా" అన్నాడు కాగితాన్ని సొరుగులోకి తోస్తూ. "ఆయన్ని అడక్కుండా ఆఫీసు తరఫున రాసివ్వకూడదు."

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేను."

మంగాయమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో గాని, ఆయన తలెత్తలేదు. "పోనీలెండి, మీకెందుకు ఇబ్బంది" అని లేచింది. ఫోనును మళ్లీ రుమాలులో చుట్టుకుంది. మార్త ఆమెతోపాటు కిందిదాకా వెళ్లి, పావుగంట తర్వాత తిరిగొచ్చింది.

వచ్చి తన పని తాను చేసుకుంది. మధ్యాహ్నం క్యారియరు విప్పుతూ, ఆయన వైపు చూడకుండానే అంది.

"ఆ పద్నాలుగు పేర్లు టైపు చేసింది నేనేనండీ. శనివారం మీకిచ్చాను. మంగళవారం ఫోన్లో ఒక్క నిమిషం ఆగమని మీరు మళ్లీ నా మెయిల్ తెరిచినప్పుడు నేనిక్కడే ఉన్నాను."

ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట ఇది: "సిద్ధార్థకి చెప్పావా?"

మార్త చెయ్యి ఆగిపోయింది. "లేదండీ. నేనెందుకు చెప్తాను?" అని, "మెట్ల దగ్గర ఆవిడ నన్నడిగింది. ఆయన రాసేశాడుగా, సంతకం దగ్గర ఎందుకు ఆగిపోయాడమ్మా అని. నాకేం చెప్పాలో తెలీలేదు" అంది.

రామకోటేశ్వరరావుకు తల కొట్టేసినట్టయింది. తన తప్పు బయటపడినందుకు కాదు. ఒకామె పరువు పోయిందని వింటూ తను ముందుగా అడిగింది ఓనరుకు తెలిసిందా అని. ఆ మాట మార్త విన్నది, తనూ విన్నాడు. ఇక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

తర్వాత మూడు రోజులూ ఆయన ఏ పేజీ తెరిచినా అన్ని ఫారాలూ విప్పేసుకుని కూర్చున్నాడు. ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు. దిద్దాల్సిన తప్పు వాటిలో లేదని తెలిసే చదివాడు. ఇంట్లో సుబ్బరత్నం పులుసు ముందుపెట్టి ప్రింటార్డరు అడిగితే, "నన్ను ఆ మాట అడగొద్దు" అని లేచిపోయాడు. ఆవిడ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సిద్ధార్థ వచ్చాక జరిగింది చెప్పాడు. కుర్రాడు తల గోక్కుని, "ఎక్కించాం కదా బాబాయిగారూ, ఇక వదిలేయండి. ఇప్పుడు కెలికితే మన ఆఫీసుకే చెడ్డపేరు" అన్నాడు. అంటే ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఏ భయంతో ఆమె ముందు నిజం దాచాడో ఆ భయానికి అసలు కారణమే లేదు. అది తెలిశాక సిగ్గు తగ్గాల్సింది పోయి రెండింతలైంది.

ఆదివారం పొద్దున్నే బందరు బస్సెక్కాడు. వుయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి అరగంట ఆగింది. దిగిపోయి తిరుగు బస్సెక్కితే ఎవరడుగుతారు అనిపించింది. పామర్రులోనూ అనిపించింది. బందరులో షేరాటో ఎక్కాక ఇక అలా అనుకోవడానికి వీల్లేకపోయింది. పది గంటలకు కొత్తపల్లెపాలెం రేవు దగ్గర దిగాడు. పడవలు వచ్చి ఉన్నాయి. రేకుల షెడ్డు కింద పాట సాగుతోంది. కాటా దగ్గర సన్నపాటి మనిషి ఎవరో కూర్చుని, అంకెలు చెప్పలేక తడబడుతుంటే కొనేవాళ్లు విసుక్కుంటున్నారు. మంగాయమ్మ షెడ్డు చివర, వెనక వరసలో ఖాళీ ట్రేలు కడుగుతోంది.

ముందు ఆమె దగ్గరికే వెళ్లాడు. "తప్పు నాదేనమ్మా. ఆ సోమవారం మీ పేరు లేదు" అన్నాడు.

ఆమె చేతిలో ట్రే కింద పెట్టింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకొక్కదానికి చెప్తే చాలదండి. అక్కడ చెప్పండి" అని షెడ్డు మధ్యకు నడిచింది. ఆయన వెనకాల నడిచాడు.

పాట ఆగింది. సూరయ్య లేచి నిలబడ్డాడు. నలభై యాభై మంది చుట్టూ చేరారు. రామకోటేశ్వరరావు జీవితంలో పదిమంది ముందు నిలబడి మాట్లాడింది లేదు. ఫారాల సంగతీ, బాణం సంగతీ, మూస్తే లైన్లన్నీ ఒక్కటైపోయే సంగతీ చెప్పబోయాడు. ఎవరికీ ఎక్కలేదు. చివరికి జేబులోని బస్సు టిక్కెట్టు తీసి మధ్యకు మడిచి చూపించాడు. "లోపల మీ పేర్లున్నాయి. నేనే పెట్టాను. పెట్టి మరిచిపోయి, పనికిరాని కాగితమనుకుని పారేశాను. సూరయ్యగారు ఫోను చేసినప్పుడు గబగబా మళ్లీ రాసేసి, మొదట్నుంచీ ఉందని అబద్ధం చెప్పాను."

"ఓస్, అంతేనా" అన్నాడు ఒక ముసలాయన. "వలలో చేపుండగానే వల దులిపేశావన్న మాట."

నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. సూరయ్య కాసేపు నేలచూపులు చూసి, "పొరపాటు ఎవరికైనా వస్తుందండీ. అంత దూరం నుంచి వచ్చి చెప్పారు, అది చాలు" అన్నాడు. మంగాయమ్మ వైపు తిరిగి, "నన్ను క్షమించు మంగా. నీ కాటా నువ్వు చూసుకో" అన్నాడు. ఎవరో టీ తెమ్మన్నారు. ఇంత తేలికగా అయిపోతుందని తెలిస్తే ఆ రోజే చెప్పేవాణ్ణి కదా అని రామకోటేశ్వరరావు గుండె ఒక్క క్షణం తేలికపడింది.

మంగాయమ్మ మాత్రం నవ్వలేదు.

"పారేసింది పొరపాటు. ఫోన్లో చెప్పింది కంగారు. అది కూడా సరే" అంది. "నేను మీ ఎదురుగా కూర్చుని అడిగానుగదండి బాబుగారూ. అప్పుడెందుకు ఉందన్నారు?"

 ఆయన చెప్పగలిగింది ఒక్కటే. అదే చెప్పాడు.

"సిగ్గేసిందమ్మా."

"మీకు సిగ్గేసిందని నన్ను పడమన్నారు." ఆమె గొంతు పెంచలేదు. "ఊరు నమ్మలేదు, కూతురు నమ్మలేదు. అదైనా ఓర్చుకున్నా. ఫోను తప్పని మీరు సంతకం కూడా పెట్టకపోయేసరికి, మీ దగ్గరి నుంచి పోయేటప్పుడు బస్సులో నేను కూడా నన్ను నమ్మటం మానేశా."

 ఆమె సమాధానం కోసం ఆగలేదు. వెళ్లి కాటా వెనక తన పీట మీద కూర్చుంది. సన్నపాటి మనిషి సంతోషంగా తప్పుకున్నాడు. పాట మళ్లీ మొదలైంది. టీ గ్లాసు ఎవరో ఆయన చేతిలో పెట్టారు. అది చల్లారుతున్నా ఆయన తాగలేదు.

మొదటి ట్రే కాటా మీద పెట్టారు. ఎర్రటి అంకెలు కాసేపు ఆడి నిలబడ్డాయి.

"ఇరవై ఆరు కిలోల నాలుగొందలు" అంది మంగాయమ్మ గట్టిగా. తర్వాత కొనే మనిషి వైపు తిరిగింది. "అంతేనా బాబూ? నువ్వూ ఒకసారి చూడు."

"ఈ మాట ఇదివరకు ఎప్పుడూ అడిగేది కాదండీ" అన్నాడు సూరయ్య, ఎవరితోనో అన్నట్టు.

రెండో ట్రే పెట్టారు. ఆమె చదివింది, మళ్లీ అడిగింది.